వ్యాయామ వీరుడు విక్టర్ చుకారిన్

1945వ సంవత్సరంలో, రెండవ ప్రపంచ సంగ్రామం ముగిసిన పిమ్మట, ఉక్రేన్ దేశంలో ఒక తల్లి ఇంటి ముంగిట ఒక మనిషి వచ్చి నిలిచినాడు. బుగ్గలు పీక్కుపోయినవి. కన్నులు గుంటలు పడినవి. ఎముకల గూడుపై చర్మం కప్పినట్లున్న ఆ దేహం బరువు నలభై కిలోలు మాత్రమే. తాను ఆమె కుమారుడనని అతడు చెప్పుకొన్నా, ఆ తల్లికి నమ్మకం కలుగలేదు. ఆమె కొడుకు కండలు తిరిగిన యువకుడు. వ్యాయామ విద్యలో ఉక్రేన్‌కు ఛాంపియన్. చిన్ననాడు తగిలిన గాయపు మచ్చ ఒకటి తలపై ఉండవలెను. ఆ మచ్చ కనిపించిన తరువాతగాని ఆమె అతనిని కౌగిలించుకొనలేదు.

ఆ మనిషి పేరు విక్టర్ ఇవనోవిచ్ చుకారిన్. ఈ సంఘటన జరిగిన ఏడేండ్లకు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో నాలుగు స్వర్ణపతకాలు గెలిచి, జిమ్నాస్టిక్స్‌లో ప్రపంచంలోకెల్ల అగ్రగణ్యుడనిపించుకొన్నవాడు అతడే.

చుకారిన్ 1921 నవంబరు 9వ తేదీన మరియుపోల్ ప్రాంతంలోని క్రస్నోఆర్మెయిస్కొయె అనే పల్లెలో జన్మించినాడు. తండ్రి డాన్ నదీతీరపు కొసాక్కు; తల్లి, ఆ సముద్రతీరంలో తరతరాలుగా స్థిరపడిన గ్రీకు కుటుంబాలకు చెందినది. పిమ్మట వారి కాపురం మరియుపోల్ పట్టణానికి మారినది. 2022లో యుద్ధం వలన శిథిలమై, పత్రికలు చదివేవారందరికీ పేరు తెలిసిన పట్టణమే ఇది. చుకారిన్ బాల్యంలో అది ఉక్కు కర్మాగారాలకు, ఓడరేవుకు ప్రసిద్ధి. అక్కడి పాఠశాలలో విటాలీ పొపోవిచ్ అనే వ్యాయామోపాధ్యాయుడు అతనికి జిమ్నాస్టిక్స్‌లో ఓనమాలు దిద్దించినాడు. లోకమంతా శిష్యుని పేరే చెప్పుకొన్నది. కాని ఏ బాలుని దేహం ఏ విద్యకు తగినదో గుర్తించి, వానిని జోడు కమ్మీల దగ్గరకు చేయిపట్టుకొని తీసికొనివెళ్ళిన గురువు పేరు కూడ ఈ కథలో చెప్పుకొనదగినదే.

ఆ పునాదిపైన చుకారిన్ కీవ్ నగరానికి వెళ్ళి, వ్యాయామ విద్యాలయంలో చేరినాడు. 1940లో ఉక్రేన్ ఛాంపియన్ అయినాడు. క్రీడాచార్యుడను అర్థం గల మాస్టర్ ఆఫ్ స్పోర్ట్ బిరుదు కూడ లభించినది. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. జిమ్నాస్టులకు ఇరువది మొదలు ఇరువదియైదు వరకు గల వయస్సు పంటకాలం వంటిది. కొత్త విన్యాసాలు త్వరగా పట్టుబడేదీ, బలం పెరిగేదీ, పడినా దెబ్బ త్వరగా మానేదీ ఆ ఏండ్లలోనే. చుకారిన్ ఆ వాకిటిలో అడుగుపెట్టు వేళకు, 1941 జూన్ 22న, జర్మన్ సేనలు సోవియట్ దేశంపై విరుచుకుపడినవి.

అతడు స్వచ్ఛందంగా సైన్యంలో చేరి ఫిరంగి దళంలో పనిచేసినాడు. ఆ వేసవిలో, శరత్తులో ఉక్రేన్ మైదానాలలో సోవియట్ సేనలు పొందిన పరాజయాలు యుద్ధ చరిత్రలోనే అరుదైనవి. ఒక్క కీవ్ చుట్టుముట్టడిలోనే ఆరు లక్షలకు పైగా సైనికులు శత్రువులకు చిక్కినట్లు లెక్క. చుకారిన్ పోల్టావా సమీపంలో గాయపడి బందీ అయినాడు.

నాజీల చేతిలో సోవియట్ యుద్ధఖైదీ అగుట అంటే ఏమో ఇక్కడ కొంచెం చెప్పవలెను. లేనిచో చుకారిన్ తరువాతి జీవితం అర్థం కాదు. యుద్ధఖైదీలను మానవులుగా చూడవలెనను 1929 నాటి జెనీవా ఒడంబడికపై సోవియట్ ప్రభుత్వం సంతకం చేయలేదు. దానిని సాకుగా చూపి, తూర్పు రణరంగంలో చిక్కినవారికి ఏ నియమాలూ వర్తించవని జర్మన్లు వాదించినారు. పడమటి దేశాల ఖైదీలకు రెడ్ క్రాస్ వారి పొట్లాలైనా అందుచుండగా, వీరిని ముళ్ళకంచెల నడుమ, ఆరుబయట, మంచులో వదలిపెట్టినారు. యుద్ధకాలమంతటిలో పట్టుబడిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షల మంది. వారిలో సుమారు 33 లక్షల మంది ఆకలిచేత, చలిచేత, జ్వరాలచేత, తూటాలచేత మరణించినారని చరిత్రకారులు అంచనా వేసినారు. అనగా ప్రతి పదిమందిలో ఆరుగురు తిరిగి రాలేదు.

చుకారిన్‌ను ఒకచోట నుంచి మరొకచోటికి త్రిప్పుచు పదియేడు శిబిరాలలో ఉంచినారు. ఉత్తర జర్మనీలోని సాండ్‌బోస్టెల్ శిబిరంలో అతని పేరు పోయి, 10491 అను సంఖ్య మిగిలినది. వైమార్ పట్టణానికి సమీపాన గల బూకెన్‌వాల్డ్ కూడ ఆ పదియేడింటిలో ఒకటి. మహాకవి గోథే నివసించిన పట్టణం పక్కనే మనుషులను పనిచేయించి చంపే కర్మాగారాన్ని నిర్మించినవారి మనస్సు ఎటువంటిదో ఊహకు అందదు. బలిష్ఠమైన శరీరం అక్కడ వరంకాదు. కండలు గలవానికి ఆకలి ఎక్కువ. రొట్టెముక్క మాత్రం అందరికీ ఒకటే. దొరకని ఆహారానికి బదులుగా దేహం తన కండలనే తాను తినివేయును. ఏడెనిమిదేండ్ల సాధనతో కూడబెట్టిన బలమంతా అట్లు నాలుగేండ్లలో హరించిపోయినది.

యుద్ధం చివరి దినాలలో చుకారిన్‌ను, మరికొందరు ఖైదీలను ఒక బార్జీలోనికి ఎక్కించి సముద్రంలోనికి పంపినారనీ, దానిని ఖైదీలతో సహా ముంచివేయవలెనన్నది జర్మన్ల తలపనీ, బ్రిటిషు నావికులు వచ్చి వారిని కాపాడినారనీ అతని జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఇట్లు నాలుగుసార్లు కాదు, నాలుగు వందలసార్లు చావు తప్పించుకొన్న మనిషి ఇల్లు చేరినాడు. తల్లి మచ్చ చూచి గుర్తుపట్టినది అప్పుడే.

ఇల్లు చేరినంత మాత్రాన కష్టం తీరలేదు. 1941 ఆగస్టులో స్టాలిన్ 270వ సంఖ్య గల ఉత్తరువును జారీచేసి, శత్రువుకు లొంగిపోవుటను ద్రోహంతో సమానం చేసినాడు. గాయపడి, స్పృహ తప్పి చిక్కినవానికీ, తుపాకి పారవేసి లొంగినవానికీ లోకం కంట భేదం లేకపోయినది. తిరిగివచ్చిన ఖైదీలందరూ విచారణ శిబిరాలను దాటి రావలెను. కొందరు అక్కడి నుంచి నేరుగా సైబీరియా నిర్బంధాలకు పోయినారు. మిగిలినవారికి ఉద్యోగం కావలెనన్నా, కళాశాలలో చోటు కావలెనన్నా, నింపవలసిన ప్రతి పత్రంలోనూ శత్రువు చేతిలో బందీగా ఉన్నావా అను ప్రశ్న ఎదురయ్యేది. నాజీల శిబిరంలో ఆకలికి మాడి వచ్చినవాడు స్వదేశంలో దోషివలె తల వంచుకొని నడువవలసిన దుర్గతి ఆ కాలానిది. ఈ అన్యాయాన్ని సోవియట్ ప్రభుత్వం పైకి ఒప్పుకొన్నది 1956 జూన్‌లో మాత్రమే.

చుకారిన్‌కు విడిచిన చదువు పూర్తిచేయవలెననీ, వదలిన కమ్మీలను మళ్ళీ పట్టుకొనవలెననీ కోరిక. కీవ్‌లో కాక, పడమటి ఉక్రేన్‌లోని ల్వోవ్ నగరంలో అతనికి అవకాశం దొరికినది. ఆ నగరాన్ని నేడు ల్వీవ్ అని పిలుచుచున్నారు. అక్కడ 1946లో వ్యాయామ విద్యాసంస్థ కొత్తగా ఏర్పడినది. ఇరువదినాలుగేండ్ల విక్టర్ అందులో విద్యార్థి అయినాడు.

శరీరం మరచినదాన్ని శరీరానికి మళ్ళీ నేర్పుట చాల విచిత్రమైన విద్య. ఏ ఊపులో ఎక్కడ పట్టు విడువవలెనో, ఏ క్షణాన నడుము వంచవలెనో నరాలకు జ్ఞాపకమున్నది. కాని ఆ జ్ఞాపకాన్ని ఆచరించగల కండ లేదు. రింగులు పట్టుకొని చేతులు రెండు ప్రక్కలకు చాచి గాలిలో నిలిచే విన్యాసానికి భుజాలలో ఉక్కువంటి బలం కావలెను. అది రోజుల పని కాదు, ఏండ్ల పని. అరచేతుల తోలు మెత్తబడి ఉన్నవారికి కమ్మీ రాపిడికి బొబ్బలు లేచును. బొబ్బలు పగిలి, మాని, మరల తోలు గట్టిపడవలెను. మన పాఠశాలల ఆవరణలో సింగిల్ బార్‌పై వ్రేలాడిన పిల్లలకు ఆ మంట తెలియును. పైగా యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరమే ఉక్రేన్‌లో కరవు. బలమైన తిండి ఎవరికీ దొరకదు. ఇట్టి స్థితిలో చుకారిన్ మొదటి మెట్టు నుంచి ఆరంభించినాడు.

1946లో జరిగిన సోవియట్ జాతీయ పోటీలలో అతనికి పన్నెండవ స్థానం వచ్చినది. ఏడాది క్రితం నిలబడుటకే శక్తి లేని మనిషికి పన్నెండవ స్థానమంటే సామాన్యమా? అతడు మాత్రం తృప్తిపడలేదు. మరుసటి సంవత్సరం ఐదవవాడు. 1948లో మొదటి జాతీయ విజయం. 1949లో ఆరు ఉపకరణాల మొత్తంలో సోవియట్ దేశానికే ఛాంపియన్. 1950లోను, 1951లోను తిరిగి అతడే.

అంతవరకు సోవియట్ యూనియన్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొనలేదు. 1952లో హెల్సింకీకి మొదటిసారి క్రీడాకారులను పంపినది. వారిపై ప్రపంచమంతటి దృష్టి, అంతకుమించి స్వదేశ ప్రభుత్వపు దృష్టి ఉన్నది. ఒకప్పుడు శత్రువు చేతిలో బందీగా ఉన్నవానిని అట్టి బృందంలో చేర్చి విదేశానికి పంపుట చిన్న విషయం కాదు. అతడు లేనిదే గెలుపు సందేహమని అధికారులకు తోచి ఉండవలెను.

ఆనాటి పోటీ పద్ధతి తెలిసికొన్నగాని ఆ విజయపు విలువ తెలియదు. నేలపై విన్యాసాలు, పిడులు బిగించిన పామెల్ హార్స్, రింగులు, లాంగ్ హార్స్‌పై దూకే వాల్ట్, జోడు కమ్మీలైన పారలల్ బార్స్, ఒంటి కమ్మీయైన హారిజాంటల్ బార్, ఈ ఆరింటిలోను ప్రతి వ్యక్తి రెండేసిసార్లు ప్రదర్శన ఇవ్వవలెను. ఒకటి అందరికీ నిర్ణయించిన విన్యాసం, రెండవది తనకు తాను కూర్చుకొన్నది. ఒక్కొక్క ప్రదర్శనకు పది మార్కులు. వెరసి పన్నెండు ప్రదర్శనలు, నూట ఇరువది మార్కులు. ఒక్కచోట చేయి జారినా మిగిలిన పదకొండింటి శ్రమ వ్యర్థం. ఒక ఉపకరణంలో మేటియైనవారు చాలమంది ఉందురు. ఆరింటిలోను సమానంగా నిలుచువారు బహు కొద్దిమంది.

చుకారిన్ 120కి 115.70 మార్కులు పొంది ప్రథముడైనాడు. రెండవవాడు అతని దేశీయుడే, ఆర్మీనియా వాసి గ్రాంట్ షాగిన్యాన్, మార్కులు 114.95. మూడవవాడు స్విట్జర్లండుకు చెందిన జోసెఫ్ స్టాల్డర్, 114.75. ఈ షాగిన్యాన్ కూడ యుద్ధంలో కాలికి గాయమై కుంటుచు తిరిగి వచ్చినవాడే. అగ్రస్థానాలు రెండింటిలో ఒకటి ఖైదీకి, మరొకటి క్షతగాత్రునికి దక్కగా, మూడవది యుద్ధపు వేడి సోకని తటస్థ దేశపు వానికి దక్కుట చిత్రమైన సంగతి. రింగులలో షాగిన్యాన్ ప్రథముడు, చుకారిన్ ద్వితీయుడు. పారలల్ బార్స్‌లో స్విట్జర్లండు వాసి హాన్స్ ఆయిగ్‌స్టర్ అతనిని స్వల్పంగా మించినాడు. పామెల్ హార్స్‌లో, వాల్ట్‌లో స్వర్ణపతకాలు చుకారిన్‌వే. దళ పోటీలో సోవియట్ బృందానికి స్వర్ణపతకం. వెరసి అతనికి నాలుగు స్వర్ణాలు, రెండు రజతాలు. ఆ ఒలింపిక్స్‌లో ఇన్ని స్వర్ణపతకాలు గెలిచిన వ్యక్తి మరొకడు లేడు. మూడు దూరపు పరుగుల పందేలలో గెలిచిన చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటొపెక్ పేరే పత్రికలలో మారుమ్రోగినది. పరుగు చూచేవారికి సులభంగా అర్థమగును, జిమ్నాస్టిక్స్ అట్లుకాదు.

అప్పటికి చుకారిన్ వయస్సు ముప్పది సంవత్సరాల ఎనిమిది మాసాలు. సాధారణంగా జిమ్నాస్టులు పతకాలను పెట్టెలో భద్రపరచి శిష్యులను తయారుచేయుటకు పూనుకొనే వయస్సది. అతడు విరమించలేదు. 1953లో మళ్ళీ జాతీయ ఛాంపియన్. 1954లో రోము నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో అతడు, తనకన్న ఏడేండ్లు చిన్నవాడైన సోవియట్ సహచరుడు వలెంతీన్ మురాతోవ్ సరిసమానంగా మార్కులు పొంది, ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్లయినారు. 1955లో ఐదవసారి జాతీయ ఛాంపియన్ అయినాడు.

1956లో మెల్బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. ఆస్ట్రేలియా వేసవిని బట్టి నవంబరు, డిసెంబరు మాసాలలో జరిపినారు. క్రీడలకు కొద్ది రోజుల ముందే చుకారిన్‌కు ముప్పదియైదు నిండినవి. సొంత బృందంలో ఇరువదినాలుగేండ్ల బోరిస్ షాఖ్లిన్, ఇరువదియొకటేండ్ల యూరీ తీతోవ్ వంటి యువకులు అతనిని మించుటకు సిద్ధముగా ఉన్నారు. ఎదుటి పక్షంలో జపాను వారు ఉన్నారు. యుద్ధంలో చితికిపోయిన జపాను అప్పుడప్పుడే జిమ్నాస్టిక్స్‌లో తల ఎత్తుచున్నది. వారి ప్రముఖుడు తకాషీ ఓనోకు ఇరువదియైదేండ్లు. చుకారిన్ అదే వయస్సులో ల్వోవ్‌లో కొత్త బలం కొరకు కృషి చేయుచుండెను.

పోటీ చివరిదాక తేలలేదు. ఆ రోజులలో ఒక్కొక్క ప్రదర్శనకు నలుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. అందులో అన్నిటికన్న పెద్దదాన్ని, చిన్నదాన్ని తీసివేసి, నడిమి రెండింటి సగటు లెక్కించేవారు. పన్నెండు ప్రదర్శనలు ముగిసి లెక్క తేలగా చుకారిన్‌కు 114.25, ఓనోకు 114.20 వచ్చినవి. తేడా 0.05. అనగా పన్నెండింటిలో ఏ ఒక్కదానిలోనైనా, లెక్కకు వచ్చిన ఒక న్యాయనిర్ణేత పదవ వంతు మార్కు అటు ఇటు వేసియుంటే ఇద్దరూ సమానులగుట జరిగియుండేది. మూడవవాడు తీతోవ్. ఓనో దురదృష్టం అంతటితో ఆగలేదు. నాలుగేండ్ల తరువాత రోములో షాఖ్లిన్ చేతిలో తిరిగి 0.05 మార్కు తేడాతోనే ఓడినాడు. ఆ మహానిపుణుని పట్ల జాలిపడని జిమ్నాస్టు ఉండడు.

మెల్బోర్న్‌లో చుకారిన్‌కు పారలల్ బార్స్‌లో స్వర్ణం, దళ పోటీలో స్వర్ణం, నేల విన్యాసాలలో రజతం, పామెల్ హార్స్‌లో కాంస్యం కూడ దక్కినవి. హెల్సింకీలో జోడు కమ్మీలపై వెంట్రుకవాసిలో తప్పిన ప్రథమ స్థానం నాలుగేండ్లు ముదిరిన వయస్సులో లభించుట గమనింపదగినది. రెండు ఒలింపిక్స్‌లోను కలిపి ఏడు స్వర్ణాలు, మూడు రజతాలు, ఒక కాంస్యం, వెరసి పదకొండు పతకాలు. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ సమగ్ర విజేతలైన పురుషులు నలుగురే. చుకారిన్‌కు పూర్వం ఇటలీ వాసి అల్బెర్తో బ్రాల్యా 1908, 1912లలో సాధించినాడు. తరువాత జపాను వారు సవావో కాతో 1968, 1972లలోను, కోహెయి ఉచిమురా 2012, 2016లలోను సాధించినారు. తక్కిన ముగ్గురికీ యౌవనం తమ చేతిలోనే ఉన్నది.

అతడు మితభాషి. శిబిరాలలో గడిపిన నాలుగేండ్లను అడ్డుపెట్టుకొని ఎవరి సానుభూతీ కోరలేదు. అట్లు మాట్లాడుట ఆ దేశంలో క్షేమమూ కాదు. 1956 జూన్ తీర్మానం తరువాత మాజీ ఖైదీల బ్రతుకు కొంత తేలికపడినది. ఆ సంవత్సరాంతమందే చుకారిన్ మెల్బోర్న్‌లో గెలిచినాడు. 1957లో ప్రభుత్వం అతనికి ఆర్డర్ ఆఫ్ లెనిన్ ప్రదానం చేసినది. పుస్తకాలలో ఇవి రెండు వేరు వేరు విషయాలుగా వ్రాయుదురు. పదియేడు శిబిరాల ముద్ర గలవానికి ఆ పతకం ఏమై కనిపించినదో ఊహింపదగినదే.

మెల్బోర్న్ అనంతరం పోటీల నుంచి విరమించి, చుకారిన్ ల్వోవ్‌లోనే స్థిరపడినాడు. తాను 1946లో నలిగిన శరీరంతో విద్యార్థిగా చేరిన సంస్థలోనే ఉపాధ్యాయుడైనాడు. పిమ్మట జిమ్నాస్టిక్స్ శాఖకు అధిపతి అయినాడు. బోధనకు అవసరమైన పుస్తకాలు వ్రాసినాడు. మాస్కోకో, కీవ్‌కో పోయి పెద్ద పదవులు కోరుట అతనికి కష్టం కాకపోవచ్చును. అయినా, మరెక్కడా చోటు దొరకని దినాలలో తనకు చోటిచ్చిన నగరాన్ని అతడు విడిచిపెట్టలేదు.

చుకారిన్ 1984 ఆగస్టు 25వ తేదీన, అరువదిరెండవ ఏట, ల్వోవ్‌లో మరణించినాడు. ఆ నగరంలోని ప్రసిద్ధమైన లిచాకివ్ శ్మశానవాటికలో అతనిని ఖననం చేసినారు. కవులు, పండితులు, సైనికులు నిదురించే చోటు అది. అతడు చదివి, బోధించిన వ్యాయామ సంస్థ కాలక్రమాన విశ్వవిద్యాలయమైనది.